వెనక సీట్లో గంటసేపు

ఈ వారమే మన కథలోకి అడుగుపెడుతున్నవాళ్ల కోసం జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మొదటి నుంచీ చదువుతున్నవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

ఏడు పెద్ద హోటళ్లున్న ఒకావిడ తన అతిథుల కోసం నలభై ఖరీదైన కార్లు కొనాలనుకుంది. ఇన్నేళ్లూ పాత కంపెనీ కార్లే కొన్న మనిషి, ఈసారి మనవాళ్ల కొత్త కరెంటు కారు కూడా చూస్తానంది. ఎక్కింది. పావుగంట తిరక్కముందే "ఆపండి" అంది. మొహం తెల్లగా పాలిపోయి దిగింది. వెనకాలే వస్తున్న తన పాత కారెక్కి వెళ్లిపోయింది. కారణం మాత్రం చెప్పలేదు.

ఇక కొత్త కంపెనీ షెడ్డులో తగువు చూడాలి. సీట్లు కుట్టేవాళ్లు తప్పంతా ఏసీదన్నారు. ఏసీ వాళ్లు తోలు వాసనదన్నారు. రంగులేసేవాళ్లు ఆవిడకి నీలం పడదేమో అన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కంపెనీ పెట్టినతను ఏకంగా ఆవిడనే తప్పుపట్టాడు. బ్రేకుల సంగతి చూసే ఇంజినీరు ఒక్కతే వెళ్లి, ఏ తప్పుకో తెలియకుండానే క్షమాపణ చెప్పుకుని, ఇంకొక్క అవకాశం అడిగి తెచ్చుకుంది. మంగళవారం పొద్దున పదింటికి ఆవిడ మళ్లీ వస్తుంది. అప్పుడూ కాదంటే, డబ్బు పెట్టినవాళ్లు ఈ షెడ్డుని మూడువందల మంది మనుషులతో సహా పాత కంపెనీకే అమ్మేస్తారు.

ఆ ఇంజినీరుని షెడ్డులో అందరూ బ్రేకమ్మ అంటారు. ఆదివారం భోజనం దగ్గర బ్రేకమ్మ కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంటే, వాళ్ల మామగారు చెయ్యి కడుక్కుని వచ్చి, "రేపు నన్ను మీ షెడ్డుకి తీసుకెళ్లమ్మాయ్. ఆవిడ ఎందుకు దిగిపోయిందో చూపిస్తా" అన్నారు.

అక్కడ ఆపేశాను. ఆపినందుకు నన్ను తిట్టుకున్నవాళ్లకి ఈ వారం వడ్డీతో సహా చెల్లిస్తాను.

ఇంతకీ మామగారు ఇంజినీరు కాదు. ముప్పైమూడేళ్లు ఆ పాత కంపెనీలోనే డ్రైవర్లకి పాఠాలు చెప్పారు. కోట్లు పోసి కారు కొన్నవాళ్ల డ్రైవర్లు ముందు ఈయన దగ్గర రెండు వారాలు కూర్చోవాలి. అందుకే ఊళ్లో సగం మంది డ్రైవర్లు ఆయన్ని మాస్టారూ అంటారు. రెండు నెలల క్రితమే రిటైరయ్యారు. కొడుకు బళ్లో లెక్కల మాస్టారు, కాబట్టి కార్ల గొడవ అతనికి పట్టదు. ఇంట్లో రెండు కంపెనీల మనుషులు ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటూ మూడేళ్లుగా ఒక్క పనిమాటా మాట్లాడుకోలేదంటే నమ్మండి. మాట్లాడకపోవడమే ఆ ఇంటి మర్యాద.

సోమవారం పొద్దున తొమ్మిదికి ఇద్దరూ షెడ్డు గేటు దగ్గర దిగారు. కంపెనీ పెట్టినతను గేటు దగ్గరికే పరుగెత్తుకొచ్చాడు. ఇతన్ని అందరూ ఛార్జరు అంటారు. ఎవరితో రెండు నిమిషాలు మాట్లాడినా వాళ్లకి ఉత్సాహం ఎక్కించేస్తాడని ఆ పేరు. ఎక్కువసేపు పక్కనుంటే వేడెక్కిపోతారని కూడా కొందరంటారు. బ్రేకమ్మా అతనూ కాలేజీలో ఒకే బెంచీ, అందుకే ఒకరినొకరు నువ్వనే పిలుచుకుంటారు.

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు బ్రేకమ్మని పక్కకి లాగి. "పాత కంపెనీ మనిషిని లోపలికి తెస్తావా? ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు."

"ఆయన మా మామగారు."

"అదే చెబుతున్నా. ఇంటిదొంగని."

గుసగుసగానే అన్నాననుకున్నాడు పాపం. మామగారు రెండడుగులు ముందుకొచ్చారు.

"దొంగతనానికైతే కోడల్ని వెంటబెట్టుకుని గేటులోంచి రాను బాబూ. ఒక్క మాట ముందే అనుకుందాం. మా కంపెనీ లోపలి సంగతులు నేను చెప్పను, మీరు అడగొద్దు. వెనక సీట్లో కూర్చున్న మనిషి నడుముకి ఏం తెలుస్తుందో అది మాత్రం చెబుతా. దానికి ఏ కంపెనీ పేటెంటూ లేదు."

ఛార్జరు నవ్వలేదు గానీ గేటు తీయించాడు.

షెడ్డు లోపల నాలుగు కార్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నేల అద్దంలా తుడిచి ఉంది. ఒక మూల చక్రాలు విప్పిన కారు పైకెత్తి ఉంది. దాని కింద పడుకున్న ఇద్దరు బ్రేకమ్మని చూసి చెయ్యి ఊపారు. మామగారు తిన్నగా పరీక్షలకి వాడే కారు దగ్గరికి వెళ్లి వెనక తలుపు తీశారు. తీసినవారు తీసినట్టే నిలబడిపోయారు.

వెనక సీట్లో రెండు ఇసుక బస్తాలు, బెల్టులు పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

కారు పరీక్షించేటప్పుడు మనుషుల బరువు ఉండాలి కదా. అందుకని డెబ్భై కిలోల బస్తాలు రెండు కుట్టించారు. కుర్రాళ్లు ఊరుకుంటారా? పెయింటు తెచ్చి వాటికి కళ్లూ ముక్కూ వేశారు. ఎడమ బస్తాకి బొట్టు పెట్టి కింద 'అత్తగారు' అని రాశారు. కుడి బస్తాకి గుబురు మీసం దిద్ది 'మామగారు' అని రాశారు.

బ్రేకమ్మ మొహం కందిపోయింది. "అది... అది మీరు కాదు మామయ్యా. పిల్లలు సరదాకి..."

మామగారు తన మీసం ఒకసారి తడుముకుని, బస్తా మీసం వంక చూశారు. "నాకన్నా దీనికే బాగుందే" అన్నారు. తర్వాత ఆయన గొంతులో నవ్వు పోయింది. "ఈ రెండేళ్లలో వెనక సీట్లో తిరిగింది వీళ్లేనా?"

"లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగాయి" అన్నాడు ఛార్జరు గర్వంగా. "వర్షంలో, ఎండలో, ఘాట్ రోడ్డు మీద."

"మనుషులు?"

షెడ్డులోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వమ్మాయ్? నువ్వెప్పుడైనా వెనక కూర్చున్నావా?"

బ్రేకమ్మ ఆలోచించింది. ఫోటోలకి కూర్చుంది. సీటు తోలు పట్టి చూడ్డానికి కూర్చుంది. కారు కదులుతుండగా వెనక కూర్చున్న రోజు ఒక్కటీ గుర్తు రాలేదు. ఎలా వస్తుంది? ఈ షెడ్డులో సాయంత్రం ఆరయితే తాళాల కోసం కొట్టుకుంటారు. అందరికీ తోలడమే ఇష్టం. తోలేవాడి పక్కన సీటుకైనా పోటీ ఉంటుంది గానీ, వెనక సీటు లాప్‌టాప్ సంచులకీ ఇసుక బస్తాలకీ వదిలేశారు. కారు పిచ్చి ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు ఇది. వంటవాడు తన వంట తాను రుచి చూడకుండా వడ్డించినట్టు, కోటి రూపాయల కారు చేసి అందులో యజమాని కూర్చునే చోట చేసినవాళ్లెవరూ కూర్చోలేదు.

"ఇసుక బస్తాలకి తల తిరగదు బాబూ" అన్నారు మామగారు. "దించండి వాటిని. అబ్బాయి తోలతాడు. మనమిద్దరం వెనక కూర్చుందాం."

ఛార్జరు ఎప్పుడూ తోలినట్టే తోలాడు. అందులో అతని తప్పేం లేదు, చక్కగా తోలతాడు. ఈ కారుకి ఒక సొగసుంది. తొక్కితే వెళ్తుంది, కాలు ఎత్తితే తనంతట తానే ఆగుతుంది. ఆగుతూ ఆ విసురుని బ్యాటరీలోకి మళ్లించుకుంటుంది. బ్రేకు పెడలు ముట్టుకోకుండా ఊరంతా తిరిగి రావచ్చు. అలా ఆపడం బ్రేకమ్మ రెండేళ్ల చెమట. 'ఒంటికాలి కారు' అని పత్రికలవాళ్లు మెచ్చుకున్న ముక్కని కత్తిరించి, ఛార్జరు తన బల్ల వెనక గోడకి అంటించుకున్నాడు కూడా.

మామగారు చంకలో తెచ్చుకున్న పేపరు తీసి కోడలి చేతికిచ్చారు. "చదువు. పైకి చదువు. హోటలుకి వచ్చే పెద్దమనిషి రోడ్డు చూస్తూ కూర్చోడు. చదువుకుంటాడు, లేకపోతే ఫోను చూసుకుంటాడు."

బ్రేకమ్మ మొదలుపెట్టింది. కారు గేటు దాటింది. నీటి కొరత మీద వార్త ఒకటి చదివింది. బస్సు స్టాపు దగ్గర ఒకాయన చెయ్యి అడ్డం పెట్టి రోడ్డు దాటితే ఛార్జరు కాలెత్తాడు. తల ముందుకి తూగింది. మళ్లీ తొక్కాడు. తల వెనక్కి వాలింది. బడి ముందు స్పీడు బ్రేకరు దగ్గర ముందుకి, దాటాక వెనక్కి. బేకరీ సందులో రిక్షా వెనకైతే ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. రోలు ముందు కూర్చున్న మనిషిలా ఊగుతోంది బ్రేకమ్మ. పెళ్లిసంబంధాల పేజీకి వచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. నోట్లో నీళ్లూరాయి.

"చదువమ్మాయ్."

"వధువు... ఐదడుగుల... మామయ్యా, ఆపించండి."

పంక్చర్లు వేసే కొట్టు ముందు కారాగింది. బ్రేకమ్మ తలుపు తీసుకుని, పాత టైర్ల గుట్ట వెనక్కి పరుగెత్తింది. కొట్టువాడు చేతిలో పని వదిలేసి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. మామగారు గడియారం చూసి, "పదకొండు నిమిషాలు" అన్నారు.

ఛార్జరు కంగారుగా దిగి వచ్చాడు. "పొద్దున ఏం తిన్నావు?"

"నీ తలకాయ తిన్నా" అంది బ్రేకమ్మ, మొహం కడుక్కుంటూ.

మామగారు టైర్ల మీద కూర్చుని, తొందరేం లేనట్టు చెప్పారు. "తోలేవాడికి ఎప్పుడూ తల తిరగదు. కాలు ఎప్పుడు ఎత్తుతాడో వాడి ఒంటికి ముందే తెలుసు, మెడ బిగుసుకుంటుంది. వెనకున్నవాళ్లకి తెలియదు. పెట్రోలు బండి అయితే ఇంజిను గొంతు మారుతుంది, అదన్నా కాస్త కబురు చెబుతుంది. మీ కారు చప్పుడే చేయదు. చెప్పాపెట్టకుండా లాగుతుంది, చెప్పాపెట్టకుండా తోస్తుంది. మీరు చేసినంత మంచి కారు నేను ఈ మధ్య చూడలేదు. కానీ అది డ్రైవరు కోసం చేసిన కారు. ఇంత ఖరీదైన కారు కొనేవాడు డ్రైవరు కాదు."

బ్రేకమ్మ చెంబు కొట్టువాడికి ఇచ్చేసింది. సిగ్గేసింది. కోపమూ వచ్చింది. కోపం బయటికి వచ్చేటప్పుడు ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీదికే పోతుంది కదా.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"అనుమానం మూడు నెలల నుంచి. మీ అత్తయ్యని కళ్లడాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్లావు కదా, ఈ కారులో. మూడుసార్లు."

"అవును."

"మూడుసార్లూ ఇంటికొచ్చి, నిమ్మకాయ చెక్క వాసన చూసుకుంటూ సాయంత్రం దాకా పడుకుంది."

"కళ్లలో చుక్కల మందు వేశారు కదా, దానివల్ల అన్నారు అత్తయ్య!"

"నీతో అలాగే అంది. నాతో, 'పిల్ల రెండేళ్లు నిద్రాహారాలు మాని చేసిందండీ, నా తల తిరిగిందని దానికి చెప్పకండి' అంది."

బ్రేకమ్మకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆపుకోలేదు కూడా. ఇంట్లో ఒక మనిషి తన కోసం మూడుసార్లు కడుపులో తిప్పుకుని, మూడుసార్లూ నవ్వుతూ కారు దిగింది. ఆ నవ్వే బ్రేకమ్మని ముంచింది. హోటళ్లావిడకి మొహమాటం లేదు కాబట్టి దిగిపోయింది, అత్తగారికి ప్రేమ ఉంది కాబట్టి దిగలేదు. అంతే తేడా.

"ఒక్క మాట చెప్పి ఉంటే..."

"అప్పటికి నేనింకా ఉద్యోగంలో ఉన్నానమ్మాయ్. వాళ్ల జీతం తింటూ నీకు చెబితే వాళ్లకి ద్రోహం. రిటైరయ్యాక చెబుదామంటే నువ్వు అడగలేదు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, అడగని వైద్యం నాకెందుకులే అనుకున్నా. నిన్న నువ్వు అన్నం తినకపోయేసరికి ఉండబట్టలేకపోయా."

షెడ్డుకి తిరిగొచ్చాక అసలు యుద్ధం ఛార్జరుతో. అతను ఒప్పుకోలేదు.

"కాలెత్తితే ఆగడం మన కారు ప్రాణం. అది తీసేస్తే మనకీ వాళ్లకీ తేడా ఏముంది? వాళ్లకి ఎనభై ఏళ్ల పేరుంది. ఊరూరా షోరూములున్నాయి. మనకున్నది ఇదొక్కటే. పైగా ఒక ఛార్జింగుకి వచ్చే దూరం తగ్గుతుంది. దాని గురించేగా అందరికీ డప్పు కొట్టాం!"

"తల తిరిగి దిగిపోయేవాళ్లకి దూరం ఎంతొస్తే ఏంటి?" అంది బ్రేకమ్మ. "నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అంటే రేపు పదింటికి ఆ మూడు కాళ్లూ ఉండవు. నేను చేసిన పని అది. నాకు బాధ లేదనుకుంటున్నావా? గోడకి అంటించిన ఆ కాగితం నువ్వు ఎంత మురిపెంగా చూస్తావో, నేను అంతకన్నా మురిపెంగా చూశా. తప్పు నాది. సరిదిద్దేదీ నేనే."

ఛార్జరు మామగారి వంక తిరిగాడు. అతని గొంతులో మొదటిసారి పొగరు తగ్గింది. "మాస్టారూ, నిజం చెప్పండి. కంపెనీ సంగతులు వద్దు. మాలాంటివాళ్లు వాళ్లమీద గెలవగలరా?"

మామగారు కారు మీద చెయ్యి వేశారు. "పొద్దున అడిగితే లేదనేవాణ్ణి. వాళ్ల గొప్ప ఇంజిను అనుకుంటారు అందరూ. ఇంజిను రేపు పోయినా వాళ్లకి దిగులు లేదు. వెనక కూర్చునే మనిషి వాళ్లకి తెలుసు, తాతల కాలం నుంచి. మీకు తెలియదు. ఇవాళ పదకొండు నిమిషాలు తెలిసింది. ఇక మిగతాది నేర్చుకోగలరో లేదో నాకేం తెలుసు? మొదలుపెట్టండి, చూస్తా."

మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలుపెట్టారు. స్టీరింగు దగ్గర మామగారు. వెనక సీట్లో ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని బ్రేకమ్మ, పక్కన బస్తా స్థానంలో ఛార్జరు, చేతిలో పేపరు. షెడ్డు చుట్టూ ఉన్న రోడ్డు మీద తిరగడం, ఆగడం, కాలెత్తినప్పుడు కారు ఎంత త్వరగా ఎంత గట్టిగా పట్టాలో లాప్‌టాప్‌లో మార్చడం, మళ్లీ తిరగడం. మొదటిసారి మరీ మెత్తగా అయిపోయి కారు ఆగకుండా గేటు దాకా పోయింది. కాపలావాడు కుర్చీ వదిలి పారిపోయాడు. రెండోసారి మధ్యలో గుంజింది. నాలుగోసారికి ఛార్జరు పేపరు మడిచి కిటికీ తెరిచి, గాలి పీల్చుకుంటూ, "హోటళ్లావిడకి నా మాటగా క్షమాపణ చెప్పండి" అన్నాడు.

"గట్టిగా పట్టడం తప్పు కాదమ్మాయ్" అన్నారు మామగారు ముందు నుంచి. "చెయ్యి పట్టుకుని లాగినట్టు పట్టకూడదు. ముందు ముట్టుకో, తర్వాత పట్టుకో, చివర్లో మెల్లగా వదులు. కారు ఆగిందని వెనకవాళ్లకి కిటికీలోంచి చూస్తేనే తెలియాలి."

బ్రేకమ్మ వేళ్లు ఆగిపోయాయి. ఇన్నాళ్లూ ఆమె ఎంత బలంగా పట్టాలనే చూసింది. బలాన్ని ఎలా మొదలుపెట్టాలో, ఎలా ముగించాలో చూడలేదు. మొదట్లో నెమ్మది, మధ్యలో పాత బలమే, చివర్లో మళ్లీ నెమ్మది. దూరం కూడా పెద్దగా తగ్గదు! గబగబా మార్చింది. పదిహేను నిమిషాలు పట్టింది.

తొమ్మిదోసారి బయల్దేరారు. బస్సు స్టాపు, బడి, బేకరీ సందు. ఛార్జరు పెళ్లిసంబంధాల పేజీ మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఎత్తూ రంగూ ఉద్యోగమూ ఏదీ వదల్లేదు. పంక్చరు కొట్టు దాటారు. కొట్టువాడు చెంబు పట్టుకుని బయటికొచ్చి, కారు ఆగకపోయేసరికి నవ్వుతూ లోపలికెళ్లిపోయాడు. గంట తిరిగాక మామగారు షెడ్డు ముందు ఆపారు.

"ఇంకా ఎంత దూరం?" అన్నాడు ఛార్జరు పేపర్లోంచి తల ఎత్తకుండా.

"ఆగి నిమిషమైంది బాబూ."

షెడ్డులో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. బ్రేకమ్మ నవ్వుతోంది, ముక్కు ఎగబీలుస్తోంది, రెండూ ఒకేసారి. మామగారు మాత్రం స్టీరింగు మీద చేతులు తీయకుండా అలాగే కూర్చున్నారు.

"మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలుపెట్టి నాలుగున్నరకి కారు స్వభావం మార్చేశావు" అన్నారు మెల్లగా. "స్క్రూ ఒక్కటి విప్పకుండా. అమ్మాయ్, ఇదివరకు నేను పనిచేసిన చోట అయితే... వద్దులే, కంపెనీ మాట. నాకు మాత్రం ఇవాళ ముచ్చటేసింది. భయం కూడా వేసింది, వాళ్ల తరఫున."

ఆయన నోటంట ఆ మాట వినడానికే మూడేళ్లు ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నానేమో అనిపించింది బ్రేకమ్మకి. ఇంటికి వెళ్లగానే అత్తగారిని కారెక్కించి ఊరంతా తిప్పాలనుకుంది.

అప్పుడు మామగారి ఫోను మోగింది.

ఫోను చెవి దగ్గర పెట్టుకునే అలవాటు ఆయనకి లేదు. అరచేతిలో అద్దంలా పట్టుకుని, పదిమందికీ వినబడేలా మాట్లాడతారు. అవతల పాత కంపెనీ పెద్ద మేనేజరు.

"మాస్టారూ, రేపు పొద్దున పదింటికి ఖాళీయేనా? హోటళ్లావిడ మన కొత్త కరెంటు కారు కూడా చూస్తానంది. అటు ఆ షెడ్డువాళ్ల కారు, ఇటు మనది, ఒకే రోడ్డు మీద ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుతుందట. ఏది బాగుంటే ఆ నలభై కార్లూ అవేనంది. మన కారు మీరు తోలాలి."

ఛార్జరు పేపరు కింద పడేశాడు.

"నేనిప్పుడు వాళ్ల షెడ్డులోనే ఉన్నాను సార్" అన్నారు మామగారు. "వాళ్ల కారులోనే కూర్చున్నాను. పొద్దుట్నుంచీ మా కోడలికి సాయం చేస్తున్నా. అది మీకు చెప్పకుండా రాను."

అవతల నుంచి పెద్ద నవ్వు. "చేయండి మాస్టారూ, చేయండి. ఒక్క పూటలో ఏం చేస్తారు పాపం! ఆ పిల్లలకి భయపడేంతదాకా ఇంకా రాలేదు మనం. రిటైరైన రోజు పిలిస్తే వస్తానని మాటిచ్చారు. వస్తారా, రారా?"

మామగారు కోడలి వంక చూడలేదు. కారు అద్దంలోంచి ఎదుటి గోడ వంక చూశారు.

"వస్తాను సార్. పదింటికి."

ఫోను జేబులో పెట్టుకున్నారు. ఛార్జరు నోరు తెరిచాడు గానీ, బ్రేకమ్మ చెయ్యెత్తి ఆపింది.

"మామయ్యా, రేపు మీ మీద మేం గెలవాలా?"

"నా మీదే. మాటిచ్చాను, తప్పలేను. తగ్గి తోలతానని మాత్రం ఆశపడకు. తగ్గితే వాళ్లకి ద్రోహం, నీకు అవమానం." అప్పుడు కోడలి వైపు తిరిగారు. "మీ కారు ఎవరు తోలతారు?"

ఛార్జరు బ్రేకమ్మ వంక చూశాడు. షెడ్డులో అందరూ ఆమె వంకే చూశారు.

"నేనే" అంది.

మామగారు తలూపారు. డ్రైవరు తలుపు తీసుకుని దిగి, తాళం ఆమె చేతిలో పెట్టారు. బయట ఎండ ఇంకా గోడ మీద ఉంది, వెలుతురు పోవడానికి గంటన్నర టైముంది.

"అయితే ఎక్కు. నా తోలడంలో రెండు తప్పులున్నాయి. ముప్పైమూడేళ్లలో ఎవరూ కనిపెట్టలేదు. అవి కంపెనీ రహస్యాలు కావు, నా సొంతం. నీకు చూపిస్తా."